నోట్లో దూది

పట్టీ కొసను పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో ఎడమ మోకాలి చుట్టూ బిగించి తిప్పుతున్నాడు. పళ్ళంటే ముందు పళ్ళు కావు, పక్క పళ్ళు. ముందువి రెండూ కట్టుడువి, గట్టిగా లాగితే ఊడి చేతిలోకొస్తాయి.

ఆ మోకాలు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు. మూడుసార్లు కోసి కుట్టిన గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చిప్ప కాస్త బయటి వైపుకి జరిగింది, దాని కింద పిక్క సన్నబడిపోయింది. వాన రాబోతోందని రేడియో వాళ్ళ కన్నా ముందే చెబుతుంది. అయినా అతను దాన్ని ఎన్నడూ తిట్టుకోలేదు. ఈ దేశంలో తనను నమ్మకంగా మోసింది ఏదైనా ఉంటే అదొక్కటేనని అప్పుడప్పుడూ అరచేత్తో తడతాడు.

కూర్చున్నది స్టేడియం వెనక, బట్టలుతికే గదిని ఆనుకుని ఉన్న సన్నటి నడవాలో, చెక్క బల్ల మీద. గోడ అవతల రెండు మిషన్లు గుడగుడలాడుతున్నాయి. సబ్బు వాసన, తడి మేజోళ్ళ వాసన, ఇస్త్రీ వేడి వాసన కలిసి వస్తున్నాయి. హెడ్ కోచ్‌కి పై అంతస్తులో గాజు కిటికీల గది ఉంది. పాత హెడ్ కోచ్ వెళ్ళిపోయి రెండు నెలలైంది. అప్పటి నుంచి జట్టును నడుపుతున్నది, డిఫెండర్లకి శిక్షణ ఇచ్చే ఇతనే. గది తాళంచెవి మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఇతనూ అడగలేదు. బూట్లు ఇంకా నడవాలోనే తొడుక్కుంటున్నాడు.

ఈ రోజు ఇస్తామన్నారు. తాళంచెవి ఒక్కటే కాదు, ఉద్యోగమే. ఫుట్‌బాల్ క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండాయి. మధ్యాహ్నం పాత ఆటగాళ్ళ సరదా మ్యాచ్, దాని విరామంలో అధ్యక్షుడు మైకు పట్టుకుని కొత్త హెడ్ కోచ్ పేరు ప్రకటిస్తాడు. కాకపోతే దానికి ముందు ఒక చిన్న తమాషా ఉంది. ఆ తమాషా తలపుకొచ్చినప్పుడల్లా పట్టీని ఇంకో చుట్టు బిగిస్తున్నాడు.

"బాబాయ్, నలుగురం వచ్చాం" అని తలుపు దగ్గర్నించి కేకేశాడు లెఫ్ట్ బ్యాక్.

అతను లేచి, మోకాలిని ఒకసారి వంచి చూసుకుని, బయటికి నడిచాడు.

పొద్దుటి గడ్డి తడిగా ఉంది. నలుగురు డిఫెండర్లూ ఒక వరసలో నిలబడ్డారు. అతను పక్కన నిలబడి ఒకసారి చప్పట్లు చరిచాడు. నలుగురూ ఉన్నచోట ఆగిపోయారు. రెండుసార్లు చరిచాడు. నలుగురూ ఒక్కసారే ముందుకి కదిలారు. ఇక్కడ ఎవరూ అరవరు. ఎదుటి జట్లవాళ్ళు మొదట్లో ఇది చూసి వెక్కిరించారు. తర్వాత వాళ్ళ ఫార్వర్డులు గోల్ దాకా రాలేక నోళ్ళు మూసుకున్నారు.

కొత్తగా చేరిన సెంటర్ బ్యాక్‌కి ఇంకా నోరు ఆగడం లేదు. బంతి వస్తుంటే "నాది, నాది" అని అరిచాడు.

"నోరెందుకు? చేతులున్నాయిగా" అన్నాడు అతను.

"అరిస్తే తొందరగా వినపడుతుంది కదా బాబాయ్."

"వినపడుతుంది. ఎవడికి ఏం వినపడుతుందో నీకు తెలుసా? మాట నోరు దాటితే ఇంక నీది కాదు. చప్పట్ని ఎవడూ ఇంకోలా చెప్పుకోలేడు."

ఈ పద్ధతి మొత్తం అతను కనిపెట్టిందే. దీనివల్ల ఈ క్లబ్బు లీగులో అందరికన్నా తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టని పేరు తెచ్చుకుంది. ఆ పేరు వరసగా ముగ్గురు హెడ్ కోచ్‌ల ఖాతాలో పడింది. వాళ్ళలో ఒకాయన చప్పట్ల శాస్త్రం గురించి ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి శాలువాలు కూడా కప్పించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ ఉపన్యాసాలకి తెర మీద బొమ్మలు మార్చి చూపించడానికి ఇతన్నే వెంట తీసుకెళ్ళేవాడు.

మాటంటే ఎందుకంత పడదో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసని అనుకుంటారు. అందుకే అతన్ని అందరూ 'దా' అని పిలుస్తారు.

పంతొమ్మిదేళ్ళ వయసులో వేరే దేశం నుంచి ఇక్కడికి ఆడటానికి వచ్చినప్పుడు అతనికి ఇక్కడి భాషలో వచ్చినవి నాలుగు మాటలు: అవును, కాదు, బంతి, నొప్పి. డిఫెండర్‌కి ఇంతకన్నా అక్కర్లేదని తీసుకొచ్చిన ఏజెంటు భరోసా ఇచ్చి, బస్టాండులో దింపేసి, మళ్ళీ కనపడలేదు. మిగతా మాటలు మైదానంలో దెబ్బలు తింటూ ఏరుకున్నాడు. అలా ఏరుకుంటున్న రోజుల్లో ఒకసారి ప్రాక్టీసులో, తొందరలో, అతని నోట్లోంచి సొంత భాష ఊడిపడింది. గోల్‌కీపర్‌ని చూసి "దా" అన్నాడు. అతని భాషలో దా అంటే అక్కడే ఉండు అని. ఇక్కడ దా అంటే రమ్మనడం కదా. గోల్‌కీపర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. అది ప్రాక్టీసు. అక్కడితో పోవలసింది.

నెల తిరక్కుండానే కప్పు ఫైనల్. మొదటి సగంలోనే ఎదుటి జట్టువాడి మోచేయి తగిలి ఇతని ముందు పళ్ళు రెండూ విరిగాయి, పెదవి చీలింది. మాలిష్ చేసే ముసలాయన నోరు తెరిపించి, పిడికెడు దూది కుక్కి, "కొరికిపట్టుకో, వదలకు" అన్నాడు. కొరికిపట్టుకున్నాడు. రెండో సగమంతా అలాగే ఆడాడు, ముక్కుతో ఊపిరి పీలుస్తూ, రక్తం మింగుతూ. ఆట ముగియబోతుండగా, స్కోరు సమంగా ఉన్నప్పుడు, ఒక పొడుగు బంతి అతని నెత్తి మీదుగా వచ్చింది. వెనక్కి పరిగెత్తి అందుకుని, గోల్‌కీపర్ నిలబడవలసిన చోటికి మెల్లగా తోశాడు. నిలబడవలసినవాడు అక్కడ లేడు. బంతి తనే పట్టుకుందామని తొందరపడి, గోల్ వదిలి, పక్కకి ఉరికొచ్చేశాడు. బంతి బద్ధకంగా దొర్లుకుంటూ ఖాళీ గోల్‌లోకి పోయింది. కప్పు కూడా దాంతోపాటే పోయింది.

ఆ గోల్‌కీపర్‌ని జనం 'పిల్లి' అనేవారు, అంత ఒడుపుగా దూకుతాడని. గోల్ వదిలి ఎందుకొచ్చావని పత్రికలవాళ్ళు చుట్టుముట్టి అడిగితే పిల్లి ఒక్క క్షణం ఆలోచించాడు.

"వీడే 'దా' అని అరిచాడు. పిలిచాడు కదా అని వచ్చాను" అన్నాడు.

వాళ్ళు ఇటు తిరిగారు. మీ భాషలో దా అనే మాట ఉందా, దానర్థమేమిటి అని అడిగారు. అతను అప్పటికే నోట్లో దూది తీసి మేజోడులో దోపుకుని, పెదవికి తువ్వాలు అదుముకుని కూర్చున్నాడు. ఆ ప్రశ్న వినగానే అతని ముఖం వెలిగిపోయింది. ఈ ఊరొచ్చి ఏడాదైనా, నీ భాషలో దీన్నేమంటారని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. "ఉంది. దా అంటే, అక్కడ ఉండు" అన్నాడు. చెయ్యి అడ్డంపెట్టి చూపించాడు కూడా. అంతే, ఊరంతా పడీ పడీ నవ్వింది. అడిగినదానికి నిజం చెప్పడమే అతను చేసిన తప్పు. ఆ తప్పుకి ముప్ఫై ఏళ్ళ శిక్ష.

దూది కుక్కిన ముసలాయన నోరు విప్పలేదు. ఆయన కాక దూది సంగతి కనిపెట్టింది ఒకే ఒక్క మనిషి. ఉతకడానికి వేసిన మేజోడు తిరగేస్తే నెత్తురు గడ్డకట్టిన దూది ఉండ చేతిలో పడింది, బట్టలుతికే అమ్మాయికి. ఆమె దాన్ని పట్టుకుని తిన్నగా అప్పటి కార్యదర్శి గదిలోకి వెళ్ళింది. నోటి నిండా ఇంత దూది ఉన్నవాడు ఎలా అరుస్తాడండీ అని అడిగింది. నీకు ఉతకడానికి బట్టలు తక్కువయ్యాయా అని అడిగాడాయన. ఆమె తిరిగొచ్చి, నడవాలో కూర్చున్న ఇతనికి తల ఊపి సంగతి చెప్పింది. వాళ్ళ పరిచయం అలా మురికి మేజోడుతో మొదలై ఏడాదిలో పెళ్ళయింది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టి ఆమే అతనికి భాష నేర్పింది. ముందుగా నేర్పిన పూర్తి వాక్యం "నేను అరవలేదు." ఆ వాక్యం అతనికి తప్పుల్లేకుండా వచ్చేసరికి వినేవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఆ తర్వాత పదకొండు సీజన్లు ఆడాడు. గోల్ గీత మీద నుంచి ఎన్ని బంతులు తీసిపారేశాడో లెక్క లేదు. పాడు లోకానికి అవేవీ గుర్తులేవు. బంతి అతని కాలికి తగిలితే చాలు, సొంత గ్యాలరీయే "దా... దా..." అని మొదలుపెట్టేది. కూరల కొట్టువాడు దా అనేవాడు, మంగలి దా అనేవాడు. పళ్ళు కట్టిన డాక్టరు కూడా కుర్చీ చూపిస్తూ "దా, దా" అని తన చమత్కారానికి తనే మురిసిపోయాడు. కూతురు బళ్ళో చేరిన మొదటివారమే ఏడ్చుకుంటూ వచ్చింది, తనను 'దా' అని పిలిస్తే వెళ్ళాలో ఆగాలో తెలుసా అని పిల్లలు ఆటపట్టిస్తున్నారని. అతను కూతురి ముందు నవ్వేశాడు. నవ్వి, స్నానాల గదిలోకి వెళ్ళి, గోడని గుద్దాడు. ఇప్పటికీ ఆ గోడ పలకకి బీట ఉంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని పెద్దలు ఊరికే అనలేదు.

మరి ఎందుకు పడ్డాడు? పడక ఏం చేస్తాడు. ఆ ఫైనల్ తర్వాత ఇతన్ని తీసేద్దామనుకుంటే అడ్డుపడింది పిల్లే. "పాపం భాష రానివాడు, పొరపాటు పడ్డాడు, ఉండనివ్వండి" అన్నాడట. ఆ దయ ఇతని మెడకి పలుపులా బిగుసుకుంది. అన్నం పెట్టిన చేతిని కరవకూడదని ఒక పక్క, ఆ అన్నంలో రాళ్ళు వేసింది కూడా ఆ చెయ్యేనని ఇంకో పక్క. మింగలేడు, కక్కలేడు. ఆ పిల్లి ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు.

పదకొండింటికి అధ్యక్షుడి గదికి పిలుపొచ్చింది.

పిల్లి ఇప్పుడు దూకలేడు. పొట్ట బల్లకి తగులుతోంది, మెడ చొక్కా కాలరు మీద పొర్లుతోంది. కానీ చేతులు మాత్రం ఇంకా గోల్‌కీపర్ చేతులే. పెద్దవి, వేళ్ళు వంకరపోయినవి. గోడ నిండా ఫోటోలు. ఒకదాంట్లో ఖాళీ గోల్, అందులో బంతి, ముందు నోరు మూసుకుని నిలబడ్డ కుర్రవాడు. ఆ ఫోటో కింద "దా!" అని రాయించి అద్దం కట్టించాడు. ఆ కుర్రవాడి నోరు మూసుకుని ఉందన్న సంగతి అద్దం కట్టినవాడికీ పట్టలేదు, చూసినవాళ్ళకీ పట్టలేదు.

"ఒరేయ్ దా, కూర్చో కూర్చో. మోకాలెలా ఉంది?" అన్నాడు పిల్లి.

"ఉందన్నా."

"చూడు, పెద్ద పనేం కాదు. విరామంలో నేను గోల్‌లో నిలబడతా. నీకో బంతి ఇస్తారు. గట్టిగా 'దా' అని అరువు. నేను బయటికి ఉరికొస్తా. నువ్వు మెల్లగా లోపలికి తొయ్యి. జనం చచ్చిపోతారు నవ్వలేక. ఆ ఊపులోనే మైకు తీసుకుని నీ పేరు చెప్పేస్తా. కమిటీలో ఇద్దరు మొండికేశారులే, బయటినించి తెద్దామని. దా అంటే జనానికి ఎంత ఇష్టమో వాళ్ళకి కళ్ళారా చూపించాలి. అర్థమైందా?"

"సరే అన్నా."

"బంతి కూడా ప్రత్యేకంగా చేయించా. ఎర్ర రంగుతో 'దా' అని ఇంత అక్షరం."

అతను తల ఊపి బయటికొచ్చాడు. మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. గాజు గది తలుపు ముందు ఒక్క నిమిషం ఆగాడు. లోపల పెద్ద బల్ల, గుండ్రంగా తిరిగే కుర్చీ, మైదానమంతా కనపడే కిటికీ. అక్కడి నుంచి చూస్తే నాలుగు మూలలూ కనిపిస్తాయి. డిఫెండర్‌కి అలాంటి చూపు జన్మలో దొరకదు, వాడికి ఎప్పుడూ ఎదుటివాడి కాళ్ళే కనిపిస్తాయి.

మధ్యాహ్నం భోజనం బట్టల గదిలోనే. భార్య పాత ఆటగాళ్ళ కోసం తీసిన జెర్సీలు ఇస్త్రీ చేస్తోంది. జుట్టు నెరిసింది, చేతుల చర్మం సబ్బునీళ్ళకి ముడతలు పడి పాలిపోయింది. అతని కన్నా రెండేళ్ళు పెద్దది. ఆ పెద్దరికం ఆమె మాటలో ఎప్పుడూ ఉంటుంది.

"ఒప్పుకున్నావా?" అంది, ఇస్త్రీ పెట్టె ఆపకుండా.

"ఒక్క నిమిషం పని."

"ముప్ఫై ఏళ్ళ నించీ ఒక్క నిమిషమే అంటున్నావు."

"యాభై దాటాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఆ నలుగుర్నీ ఎవడి చేతుల్లోనో పెట్టి, నేను వెనకాల బొమ్మలు మార్చుకుంటూ కూర్చోనా?"

"ఆ నలుగురి కోసమా, పైన గాజు గది కోసమా?"

అతను అన్నం కలుపుతూ ఆగాడు. ఆమె దగ్గర దాచి లాభం లేదు.

"రెండిటి కోసమూ" అన్నాడు.

ఆమె ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది. "ఇన్నాళ్ళూ నువ్వు అరిచావని వాళ్ళన్నారు. నువ్వు అనలేదు. అంతమాత్రం మిగిలింది మనకి. ఈ రోజు అందరి ముందూ నువ్వే నోరు తెరిచి అరిస్తే ఇంక అదే నిజం. రేపు నేను ఆ దూది చూశానని చెప్పినా నాకే పిచ్చంటారు."

"అనుకోనీ. అనుకునేది ఎలాగూ అనుకుంటున్నారు. కనీసం ఉద్యోగమైనా వస్తుంది."

"అయితే వెళ్ళు. నేను రాను చూడ్డానికి. నాకు బట్టలున్నాయి."

అతను కంచం కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె మీద కోపం రాలేదు. ఆమె చెప్పింది నిజమని తెలిసి, ఆ నిజం మీదే కోపం వచ్చింది.

గ్యాలరీలు నిండాయి. పాత ఆటగాళ్ళు పొట్టలేసుకుని పరిగెడుతుంటే జనం ఈలలేశారు. మొదటి సగం ఎలా జరిగిందో అతనికి గుర్తులేదు. విరామం ఈల మోగగానే మైకువాడు మైదానం మధ్యకి వచ్చి, ఊరించి ఊరించి, చరిత్రలో నిలిచిపోయిన ఆ క్షణం మళ్ళీ మీ కళ్ళముందు అన్నాడు. గ్యాలరీ వెంటనే అందుకుంది. "దా... దా... దా..." అని పిల్లలు, ముసలివాళ్ళు, ఆ ఫైనల్ నాటికి పుట్టనివాళ్ళు కూడా అరుస్తున్నారు. వాళ్ళ ముఖాల్లో పగ లేదు. ప్రేమే ఉంది. అదే అతన్ని ఇంకా మండించింది. పగయితే తిరిగి తిట్టవచ్చు. ప్రేమగా ఉమ్మేస్తే ఏం చేయాలి?

కొత్త బంతిని పెనాల్టీ గీత దగ్గర పెట్టారు. దాని మీద ఎర్రగా, అరచేతంత అక్షరం. పిల్లి చేతి తొడుగులు వేసుకుని గోల్ ముందు నిలబడి, అటూ ఇటూ గెంతుతూ జనాన్ని నవ్విస్తున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, ఫోటోల కోసం ఇతని భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఈసారన్నా నిజంగా అరువురా" అన్నాడు నవ్వుతూ.

కెమెరా మెరిసింది. అతను కదల్లేదు.

ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. పిల్లికి నిజంగానే వినపడిందేమో, గోలలో ఎవరి కేకో ఇతని కేక అనుకున్నాడేమో అని ఇన్నేళ్ళూ ఒక మూల అనుకుంటూ వచ్చాడు. ఆ అనుమానాన్ని దీపంలా ఆరిపోకుండా కాపాడుకుంటూ వచ్చాడు, దాన్ని పట్టుకునే పిల్లిని అన్నా అని పిలవగలిగాడు.

"అంటే అరవలేదని నీకు తెలుసు" అన్నాడు. అన్నా అన్న మాట రాలేదు.

"ఇప్పుడవన్నీ ఎందుకురా? నవ్వు, జనం చూస్తున్నారు."

"అప్పుడే తెలుసు."

పిల్లి నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని గొంతు తగ్గించాడు. "నా పెళ్ళాం అప్పుడు నెలలు నిండి ఉంది. నా వల్ల కప్పు పోయిందంటే నన్ను బతకనిచ్చేవాళ్ళా? నేను ఈ ఊరివాణ్ణి, ఈ వీధుల్లో తిరగాలి. నీకేముంది? నువ్వెలాగూ పరాయివాడివి. పైగా నిన్ను వదిలేశానా? నీకు తిండి పెట్టలేదా? ఆ మాట లేకపోతే నిన్నెవడు గుర్తుపెట్టుకునేవాడు?"

భుజం మీద రెండుసార్లు తట్టి, గెంతుకుంటూ గోల్‌లోకి వెళ్ళిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. చెవుల్లో హోరు. గ్యాలరీ దా దా అంటూనే ఉంది. టచ్‌లైన్ దగ్గర నలుగురు డిఫెండర్లూ నిలబడి, నవ్వాలో మానాలో తెలియక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు. పైన గాజు కిటికీ ఎండకి తళతళలాడుతోంది. అతను ఒకసారి దానివైపు చూశాడు. ఒకే ఒక్కసారి.

తర్వాత బంతి వెనక్కి నాలుగడుగులు నడిచి, తిరిగి నిలబడ్డాడు.

మైకువాడు మైకు అతని వైపు చాచాడు. గ్యాలరీ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, ఆ కేక వినడానికి.

"అప్పుడు అరవలేదు. ఇప్పుడూ అరవను" అన్నాడు.

మైకులో ఆ మాట స్టేడియమంతా వినపడింది. జనానికి అర్థం కాలేదు. ఎక్కడో ఒకడు నవ్వాడు. పిల్లి మాత్రం అనుకున్న ప్రకారమే చేతులు చాచుకుని గోల్ వదిలి బయటికి ఉరికొచ్చాడు.

అతను పరిగెత్తాడు. ఎడమ కాలు ఆనించి, కుడి కాలితో తన్నాడు. సుతారంగా తోసే తన్ను కాదది, డిఫెండర్ తన్ను. ప్రమాదం గోల్ ముందుకొచ్చినప్పుడు ముందూ వెనకా చూడకుండా, అందం చందం చూసుకోకుండా, ఎంత దూరం పోతే అంత మంచిదని తన్నే తన్ను. ఎడమ మోకాలిలో ఏదో తెగినట్టయింది. బంతి పిల్లి నెత్తి మీదుగా, గోల్ అడ్డకర్ర మీదుగా, వెనక గ్యాలరీలో తలలెత్తిన జనం మీదుగా ఎగిరి, స్టేడియం దాటిపోయింది.

పిల్లి మధ్యలో ఆగిపోయి, చాచిన చేతులు దించి, మైకు లాక్కున్నాడు. "చూశారా, ఇన్నేళ్ళకి కూడా వీడికి గోల్ ఎటుందో తెలీలేదు" అన్నాడు. జనం నవ్వారు. బాగానే నవ్వారు. ఆ నవ్వుతోనే అంతా కప్పేశాడు. గోల్‌కీపర్ బుద్ధి, చేతికందిందల్లా పట్టేసుకుంటాడు. హెడ్ కోచ్ పేరు మాత్రం ఆ రోజు ప్రకటించలేదు. తర్వాతి వారం కమిటీవాళ్ళు బయటి నుంచి ఒకాయన్ని తెచ్చారు.

అతను కుంటుతూ మైదానం దాటాడు. నలుగురు డిఫెండర్ల దగ్గర ఆగాడు.

"రేపు పొద్దున్న మీరే మొదలుపెట్టుకోండి" అన్నాడు.

"నువ్వు రావా బాబాయ్?" అన్నాడు లెఫ్ట్ బ్యాక్.

అతను వాడి జెర్సీ కాలరు సరిచేసి వెళ్ళిపోయాడు.

బట్టల గది రేకుల మీద ఏదో దబ్బున పడిన చప్పుడుకి ఆమె అప్పటికే బయటికొచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. అతన్ని చూసి, అతని నడక చూసి, ముందు మోకాలు అడగాలో బంతి అడగాలో తేల్చుకోలేకపోయింది.

"నువ్వేనా తన్నింది?"

"నేనే."

"గోలా?"

"కాదు. గీత దాటించి కార్నరిచ్చాను."

ఆమె లోపలికి వెళ్ళి, తిరుగుతున్న మిషన్లు రెండూ మధ్యలోనే ఆపేసింది. ఇస్త్రీ పెట్టె తీగ లాగింది. ఏప్రాన్ విప్పి మడతపెట్టకుండా బల్ల మీద పడేసింది, ఆమె అలా పడేయడం అతను ఎప్పుడూ చూడలేదు. అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఇద్దరూ పక్క గేటులోంచి వీధిలోకి వచ్చారు. లోపల రెండో సగం మొదలైనట్టు ఈల వినపడింది. నాలుగు దుకాణాలు దాటాక అతను ఆగి, ఎవరూ లేని రోడ్డు మీద, తన భాషలో ఒక పచ్చి తిట్టు తిట్టాడు, పెద్ద గొంతుతో, నోరారా. ఆమెకి ఆ భాష రాదు. అయినా బాగా అర్థమైంది. ఇద్దరూ మళ్ళీ ఆ గేటులోకి రాలేదు.

బంతిని కిందికి తీయడానికి ఎవరూ నిచ్చెన వెయ్యలేదు. బట్టల గదికి కొత్తగా వచ్చిన మనిషికి అది అక్కడుందనే తెలియదు. రేకుల మధ్య పల్లంలో, పాత నీళ్ళ తొట్టి పక్కన ఇరుక్కుని, రోజురోజుకీ గాలి పోయి ఒక వైపు సొట్టపడుతూ, ఎర్ర అక్షరం ఆకాశం వైపు తిరిగి, కింద నిలబడ్డవాళ్ళెవరికీ కనపడకుండా ఉంది.